వేసవి రచనాశిబిరములును బ్రాచీన కవిశిక్షయు

శాస్త్రగ్రంథములలో బాలశబ్దమున కర్థము వేఱు. బాలుఁ డనఁగాఁ బాలు త్రాగు పసివాఁడు కాఁడు. కావ్యకోశవ్యాకరణములు చదివి, ప్రస్తుతశాస్త్రము మాత్రము చదువనివాఁడు బాలుఁడని తర్కసంగ్రహవ్యాఖ్యాతలు నిర్వచించిరి. పరవస్తు చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణమందలి బాలుఁడు నిట్టివాఁడే. ఆ సూత్రములు ఆఱేండ్ల పిల్లవానికి లొంగునవి కావు. పశ్చిమదేశములలో వేసవి సెలవులందు నడచుచున్న రచనాశిబిరములలోఁ జేరు పిల్లలకు నీ నిర్వచనము తలక్రిందుగా వర్తించుచున్నది. వారు ప్రస్తుతశాస్త్రమగు రచననే ముందు చేపట్టుదురు. కావ్యకోశవ్యాకరణములు పిమ్మట వచ్చిన వచ్చును, రానిచో లేదు. ఈ వ్యత్యయము గుణమా, దోషమా యను ప్రశ్నము తెలుఁగువారికి నిష్ప్రయోజనము కాదు. తెలుఁగునాఁటను మే నెల వచ్చినంతనే పిల్లలఁ గూర్చుండఁబెట్టి కథలు, గేయములు వ్రాయించు శిబిరములు నడచుచున్నవి. వాని పద్ధతి చాలవఱకుఁ బశ్చిమమునుండి వచ్చినదే గాని రాజశేఖర క్షేమేంద్రుల కవిశిక్షనుండి వచ్చినది కాదు. ఈ రెండు పద్ధతులను దగ్గఱఁ బెట్టి చూచినవారు తక్కువ.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఐయోవా విశ్వవిద్యాలయమున 1936లో 'రైటర్స్ వర్క్‌షాప్' అను రచయితల శాల యేర్పడెను. వర్క్‌షాప్ అనఁగా వడ్రంగి, కమ్మరి మొదలగువారు పనిచేయు కర్మశాల. రచన కూడఁ జేతిపనివలెఁ బదిమంది నడుమ నేర్వవచ్చునను తలంపు ఆ పేరునందే యున్నది. ఆ శాల పట్టభద్రుల కుద్దేశింపఁబడినది. అదే విశ్వవిద్యాలయము ఉన్నతపాఠశాలా విద్యార్థులకై వేసవిలో రెండు వారముల శిబిరమును నడపుచున్నది. ఒహాయో రాష్ట్రమందలి కెన్యన్ కళాశాలయందును ఇట్టిది కలదు. వర్జీనియా విశ్వవిద్యాలయమున 1982లోనే యొకటి మొదలయ్యెను. ఐయోవా నగరమునకు 2008లో యునెస్కో సాహిత్యనగరమను బిరుద మొసఁగెను. ఇంతవఱకుఁ జరిత్ర.

పసిపిల్లల విషయమునఁ బద్ధతి వేఱు. దానికి మూలపురుషులు ముఖ్యముగా నిరువురు: కొలంబియా విశ్వవిద్యాలయమున నాచార్యుఁడుగా నుండిన అమెరికా కవి కెన్నెత్ కోక్ (1925-2002), ఇటలీదేశపు బాలసాహిత్యకారుఁడు జియాన్నీ రొదారి (1920-1980). వీరిరువురును వేసవి శిబిరములచేతఁ బ్రసిద్ధులైనవారు కారు. కోక్ పాఠశాల నడచు దినములలోనే పాఠములు చెప్పెను, రొదారి ముఖ్యముగా నుపాధ్యాయులతోఁ బ్రసంగించెను. అయినను నేఁడు శిబిరములలోఁ జేయించుచున్న యభ్యాసములలో ననేకములు వీరి గ్రంథముల పోలికలే.

కోక్ 1968లో న్యూయార్కు నగరమందలి 61వ సంఖ్యగల ప్రజాపాఠశాలలోఁ బిల్లలకుఁ గవిత్వము నేర్ప నారంభించెను. 1970లో వెలువడిన 'కోరికలు, బొంకులు, కలలు' అను నర్థముగల పేరుతో నున్న గ్రంథమున ఆ యనుభవమును, పిల్లల రచనలను గలిపి ప్రకటించెను. మొదటినాఁటి పాఠ మిది. తరగతిలోని ప్రతి బాలుఁడును ఒక్కొక్క పంక్తి వ్రాయవలయును. పంక్తి 'నేను కోరెదను' అను మాటతో మొదలు కావలయును; అందొక రంగు, బొమ్మకథలలోని యొక పాత్ర, ఒక నగరము గాని దేశము గాని రావలయును. కాగితములన్నియుఁ జేర్చి చదివినచో నదియే తరగతి యంతయుఁ గలిసి చేసిన కవిత. అటుపిమ్మట ఉపమానములు, ధ్వనులు, రంగులు, 'ఒకప్పు డిట్లుంటిని, ఇప్పు డిట్లున్నాను' అను జంటపంక్తులు, కలలు, బొంకులు. వర్ణక్రమదోషములను గూర్చి బెంగపడవలదని చెప్పెను. అంత్యానుప్రాసమును విడువుఁడనెను.

అవధానము నెఱిఁగినవారికి మొదటి పాఠము క్రొత్తది కాదు. పృచ్ఛకుఁడు సందర్భమునకుఁ బొత్తులేని నాలుగు మాటల నిచ్చి, వానితో నేదో యొక విషయమును వర్ణింపుమనును, అది దత్తపది. రంగును, పాత్రయు, నగరమును గలసిన కోక్ పంక్తి దత్తపదియే. భేద మొక్కటి కలదు. అవధాని దత్తపదిని బాండిత్యపరీక్షగా నెదుర్కొనును. కోక్ దానిని భయనివారణమునకై వాడెను. వట్టికాగితము ముందుఁ బిల్లవాఁడు నిలిచిపోవుట భావదారిద్ర్యమువలనఁ గాదు. తోఁచిన వేయింటిలో దేనితో మొదలుపెట్టవలయునో తెలియకపోవుటవలన. మొదటిమాటయు, మూఁడు వస్తువులును వేఱొకరు చేతఁ బెట్టినచోఁ దక్కినది నడచిపోవును. మఱియు నా పంక్తి ముప్పది పంక్తులలో నొకటిగాఁ జదువఁబడును గనుక నవ్వులపాలగు భయము నుండదు. దత్తపదికి నింతటి సౌమ్యప్రయోజనము గలదని మన యవధానవిద్యాభిజ్ఞులు గుర్తించినట్లు కానరాదు.

కోక్ పద్ధతి నాక్షేపించినవారు ఆ దేశముననే కలరు. బాలకవిత్వరచయిత్రి మైరా కోన్ లివింగ్‌స్టన్, ఆ పిల్లల పంక్తులు కవిత్వమేనా యని ప్రశ్నించెను. ప్రశ్నము న్యాయమైనదే, కాని దానికి సమాధానము చెప్పవలసినది భావకుఁడు, ఉపాధ్యాయుఁడు కాఁడు. ఉపాధ్యాయుని నడుగవలసినది వేఱు: రెండవ మెట్టెక్కడ నున్నది? మొదటి గ్రంథమందలి మెట్లన్నియు నొకే యెత్తున నున్నవి. కోరికల పాఠము వెనుక బొంకుల పాఠము, దాని వెనుకఁ గలల పాఠము. ఒకదానినుండి మఱియొకదాని కెక్కుట లేదు, ప్రక్కకు జరుగుటయే. ఈ లోపము కోక్ తానే గ్రహించెనని 1973లో వచ్చిన రెండవ గ్రంథమువలనఁ దెలియుచున్నది. అందు బ్లేక్, డన్, షేక్స్పియర్ మొదలగు మహాకవుల రచనలను బిల్లలకుఁ జదివి వినిపించి, ఒక్కొక్క కవితలోని కీలకమును బట్టుకొని వారిచే వ్రాయించెను. పెద్దపులి నుద్దేశించి బ్లేక్ ప్రశ్నలు వేసెను గదా, మీరు నేదో యొక జంతువును బ్రశ్నింపుఁడు, అనుట యొక పాఠము. క్షేమేంద్రుఁడు కవికంఠాభరణమున ఛాయోపజీవి, పదకోపజీవి, పాదోపజీవి, సకలోపజీవి యని పరరచన నాశ్రయించువారిని విభజించెను. కోక్ రెండవ గ్రంథము శుద్ధమైన ఛాయోపజీవనము. రెండింటిలో నిదియే మేలు. శిబిరములవారు మాత్రము మొదటిదానినే యెక్కువగాఁ జేపట్టిరి. రెండవదానికి ఉపాధ్యాయుఁడు తాను జదువుకొని యుండవలయును గదా.

అంత్యానుప్రాసనిషేధమును గూర్చి కొంచెము వివరింపవలసియున్నది. పంక్తి చివరిమాటకై వెదకుచు బాలుఁడు తాను చెప్పఁదలఁచినదానిని విడిచిపెట్టునని కోక్ హేతువు. ఆంగ్లమునకు నది సరియే. కాని యా నిషేధమును యథాతథముగాఁ గొనితెచ్చి, తెలుఁగు బాలురకు యతిప్రాసల ప్రసక్తియే లేకుండఁ జేయుట యవిచారము. తెలుఁగున యతి పంక్తికొసను లేదు, నడుమ నున్నది. అది మాటలో మొదటియక్షరమును మాత్రమే కోరును. ఒక యక్షరముతో మొదలగు మాటలు పిల్లవానికి నెన్నియో తెలియును; వానిలో నొకటి కాకున్న నింకొకటి చెప్పఁదలఁచినదానికిఁ గుదురును. ప్రాస కఠినమే. అయితే ఆటవెలఁది తేటగీతులకుఁ బ్రాసనియమము లేదు, కందమునకుఁ గలదు. కందము చెప్పినవాఁడే కవి యను నానుడిని నమ్మి పిల్లలకుఁ గందముతోనే యోనమాలు దిద్దించు పండితులు కలరు. ఛందస్సన్న దడిసి పాఱిపోయిన బాలురలో సగముమంది వీరి శిష్యులే.

ఆటవెలఁది రెండవ నాల్గవ పాదములకు సూర్యగణము లైదు. సూర్యగణ మనఁగా మూఁడు లఘువులైన నగణము గాని, గురువు మీఁద లఘువైన హగణము గాని. పలక, చిలుక, గాలి, వాన, చెట్టు, పిల్లి, బంతి, ఊరు. ఇంటను వీథిని వాడు తెలుఁగుమాటలలో నెన్ని యీ కొలఁదికి సరిపోవునో లెక్కించి చూచినవారి కాశ్చర్యము కలుగును. పిల్లవాని మాటల మూటలోనే యాటవెలఁది సగము కట్టఁబడి యున్నది. ఇఁక క్షేమేంద్రుఁడు, కష్టముమీఁదఁ గవి కాఁదగిన శిష్యునికి మొదట విధించిన యభ్యాసమేమి? వాక్యార్థముతోఁ బనిలేక, ఛందస్సు నిండునట్లు మాటలను బేర్చుట. 'పిల్లి పలక బంతి పీట గోడ' అన్నచో నైదు సూర్యగణములు; పి, పీ లకు యతి; అర్థము సున్న. ఎనిమిదేండ్ల బాలిక చప్పట్లు చఱచుచు నిట్టివి పది చెప్పఁగలదు. మఱునాఁడు వానిలోఁ గొన్నిమాటలకుఁ గ్రియ చేర్పుమన్నచో 'పిల్లి గోడ దూఁకి పీట విఱిచె' నని వచ్చును. గణము తప్పలేదు, యతి తప్పలేదు, పిల్లి కొక చరిత్ర యేర్పడెను. ఆ పీట యెవరిదని ప్రక్కనున్న పిల్లవాఁ డడుగును. మూఁడవ దినపు పాఠ మదియే. పిమ్మట క్షేమేంద్రుఁడు పూర్వశ్లోకమును గైకొని మాటలు మార్చి నింపుమనెను. దానికిఁ దానే రఘువంశపు మొదటి శ్లోకమును మార్చి చూపెను. తరువాత సమస్యాపూరణము. ఇచ్చట మెట్టుమీఁద మెట్టున్నది. పదునొకండవ శతాబ్దపు కాశ్మీరపండితునికిఁ దెలిసినది, ఇరువదవ శతాబ్దపు న్యూయార్కు కవి రెండవ గ్రంథము వ్రాయువఱకుఁ దెలిసికొనలేదు. అయితే పిల్లల నందఱను గలిపి యొక కవిత చెప్పించుట క్షేమేంద్రునికిఁ దోఁచలేదు.

ఆ క్షేమేంద్రుఁడే వైయాకరణులకు రుచింపని మాట యొకటి యనెను. స్వభావముచేత రాతివంటివాఁడును, కష్టమైన వ్యాకరణముచేతఁ జెడినవాఁడును, తర్కముచేత మాడినవాఁడును ఎంత నేర్పినను గవులు కారని యాతని తీర్పు. గాడిద కెంత నేర్పినను బాట రాదని యుపమానము కూడఁ జెప్పెను. శిబిరములవారికి నిది తెలిసినచో ధ్వజముగాఁ గట్టుకొందురు. కాని యిచ్చటఁ 'గష్టమైన' యను విశేషణము నుపేక్షింపరాదు. చెఱచునది వ్యాకరణము కాదు, కష్టము. వ్యాకరణము కష్టము లేక వచ్చు మార్గ మున్నదా యన్నచో, ఇటలీదేశమున రొదారి చూపినది యదియే.

రొదారి 1972 మార్చిలో రెజ్జో ఎమీలియా నగరమున నుపాధ్యాయులతో నొక వారము ప్రసంగములు జరిపెను. అవి 1973లో గ్రంథరూపము దాల్చినవి. గ్రంథమునకుఁ బేరు 'కల్పనావ్యాకరణము'. జాక్ జైప్స్ చేసిన ఆంగ్లానువాదము 1996లో వచ్చెను. తర్కమునకు వలె కల్పనకును శాస్త్రముండఁదగునను జర్మను కవి నోవాలిస్ యూహ తనకు బీజమని రొదారి చెప్పుకొనెను. పేరు విని వైయాకరణులు పెదవి విఱువ నక్కఱలేదు. అందున్నది నిజముగా వ్యాకరణమే.

అందలి ప్రధానాభ్యాసము 'కల్పనాద్వంద్వము'. ఒక పిల్లవాఁడు నల్లబల్లకు నీవలి ప్రక్క నొకమాట వ్రాయును. వేఱొకఁ డది చూడక యావలి ప్రక్క నింకొకటి వ్రాయును. గ్రంథమందలి యుదాహరణము కుక్క, బట్టల బీరువా. ఈ రెంటికి స్వభావసిద్ధమైన సంబంధము లేదు. ఇటాలియను భాషలో మన విభక్తుల పని చేయు చిన్నమాటలను నడుమఁ బెట్టి రొదారి సంబంధములను గల్పించును: బీరువాతోఁ గుక్క, కుక్కయొక్క బీరువా, బీరువామీఁది కుక్క, బీరువాలోని కుక్క. ఒక్కొక్క సంబంధమునుండి యొక్కొక్క కథ. తెలుఁగున నింకను ముందునకుఁ బోవచ్చును. కుక్కకొఱకు బీరువా, కుక్కవలన బీరువాకు భయము, కుక్కకంటె బీరువా నయము. ఈ కడపటిదానిలో నొక యింటి కాపుర మంతయు నున్నది. లోకమున నున్న సంబంధమును విభక్తి తెలుపునని సామాన్యముగాఁ దలఁతురు. ఇచ్చట విభక్తి ముందు నిలిచి సంబంధమును బుట్టించుచున్నది. ఇది శాస్త్రవిరుద్ధము కాదు. కారకములు వక్తయొక్క వివక్షనుబట్టి యేర్పడునని వ్యాకరణముననే యొప్పుకొనఁబడినది. అధికరణమైన వంటకుండను గర్తగా వివక్షించి, కుండ వండుచున్నదని చెప్పుట మహాభాష్యమునకు సమ్మతమే. కుండ వండఁగలిగినప్పుడు బీరువా మొఱుగరాదా? విభక్తుల పట్టికను వల్లె వేయించి యలసిన యుపాధ్యాయుఁ డీ యాటను వారము దినము లాడించి చూచినచోఁ బంచమికిని జతుర్థికిని గల భేదము పిల్లలే చెప్పుదురు.

ఉపసర్గములును రొదారి కాటవస్తువులే. 1962లో వెలువడిన యాతని 'టెలిఫోను కథల'లో నొక దేశమున్నది. అచ్చటి మాటలకు ముందు సకార మొకటి చేరి వాని పనిని దాఱుమాఱు చేయును. అచ్చటి ఫిరంగి యుద్ధము చేయునది కాదు, చేసిన యుద్ధమును విప్పునది. హృధాతువునకు ఉపసర్గములు చేరి ఆహారము, విహారము, ప్రహారము, సంహారము, పరిహారము అగుట చిన్ననాఁడే విన్నవారికి నిందలి చమత్కారము వెంటనే తెలియును. ఇచ్చట నొక చిక్కు గలదు. తెలుఁగు బాలుఁ డెవఁడైన 'అపబడి' యని, చదివినదంతయు మఱపించు బడి యొకటి కల్పించె ననుకొందము. సంస్కృతోపసర్గమును దేశ్యపదమునకుఁ జేర్చుట వైరిసమాసమువలెనే శాస్త్రదూష్యము. గురువు కొట్టివేసినచోఁ గథ పోవును. ఎన్నఁడును జెప్పనిచో భాష పోవును. కథ ముగియువఱకు నూరకుండి, ముగిసిన పిమ్మట 'అపపాఠశాల' యన్నచో సమాసము కుదురుననియు, దానికంటె 'మఱపుబడి' యచ్చతెనుఁగున నందగించుననియుఁ జెప్పుట యుచితము. పిల్లవానికి మూఁడు మాటలు లాభము. రొదారి స్వయముగాఁ దప్పులను గథాబీజములుగా వాడుకొనుమని యుపదేశించినవాఁడు; తప్పు తప్పని చెప్పవలదని మాత్రము చెప్పలేదు. ఆతని పేరు చెప్పి దోషముల నుపేక్షించువారు గ్రంథమును సగమే చదివినవారు.

ఇఁక నెదిగిన పిల్లల విషయము. ఐయోవా మార్గమునఁ గర్మశాల నడచు క్రమమిది: ఒకని రచనను ముందుగాఁ దక్కినవారందఱును జదివి వత్తురు, మండలముగాఁ గూర్చుండి దాని గుణదోషములు చర్చింతురు, వ్రాసినవాఁడు చర్చ ముగియువఱకు నోరు మెదపఁగూడదు. పెద్దలకే యిది తగదని మాథ్యూ సాలెసెస్ మొదలగువా రాక్షేపించిరి. ఆతని గ్రంథము 2021లో వెలువడెను. పదునాఱేండ్లవాని కీ మౌనము విధించుట మఱింత విచార్యము. వేసవి శిబిరము లన్నియు నిట్టివి కావు. విమర్శ మాని క్రొత్తరచనకే ప్రాధాన్య మిచ్చునవియుఁ గలవు. కాని మండలచర్చ యెచ్చట లేకుండినను శిబిరమునకుఁ గొఱంత యని తలఁచువారు పెక్కుమంది.

ఈ సందర్భమున రాజశేఖరుని కావ్యమీమాంస యక్కఱకు వచ్చును. క్రీ.శ. 900 ప్రాంతముల నుండిన యీ పండితుని గ్రంథము 1916లో గాయక్వాడు ప్రాచ్యగ్రంథమాలకు మొదటి కుసుమముగా వెలువడెను. అందుఁ గవికిఁ బది యవస్థలు చెప్పఁబడినవి. కావ్యవిద్యాస్నాతకుని తరువాతివాఁడు హృదయకవి: హృదయముననే కవిత్వము చెప్పుకొని దాఁచుకొనువాఁడు. ఆ తరువాతివాఁ డన్యాపదేశి: తాను చెప్పినదానిని, దోషము పట్టుదురేమో యను భయమున, వేఱొకరిదని చెప్పి చదువువాఁడు. ప్రాచీనాలంకారికులలో నెవ్వరును గన్నెప్రాయమును, నూనూఁగుమీసముల ప్రాయమును నింత సూక్ష్మముగాఁ బట్టుకొనలేదు. ఈ రెండవస్థలను రాజశేఖరుఁడు దోషములని చెప్పక, మహాకవి కెక్కవలసిన మెట్లుగా లెక్కించెను. మండలములోఁ గూర్చుండఁబెట్టిన బాలుఁడు హృదయకవియగుట కవకాశము లేదు, అన్యాపదేశియగుట కసలే లేదు. కాగితముమీఁద వాని పేరున్నది. రెండు మెట్లు విఱుగఁగొట్టి మూఁడవదాని కెక్కుమనుటయే యిది. 2022 చివర నుండి లోకమున వ్యాపించిన రచనాయంత్రములు వచ్చిన పిదప నన్యాపదేశము విపరీతముగాఁ దిరిగినది: తనదానిని బరునిదని చెప్పుటకు మాఱుగాఁ బరునిదానిని దనదని చెప్పుట. రాజశేఖరుఁడు దీనిని హరణప్రకరణమునఁ జేర్చియుండును.

సగము చేసిన కావ్యమును జదువరాదు, అది సగమే యైపోవును, అని కావ్యమీమాంసలో నింకొక విధి. క్రొత్తరచనను ఒక్కని యెదుట మాత్రమే చదువరాదు, వాఁడు తనదనినచో సాక్షి యుండఁడు, అనియు నున్నది. రెండవది నవ్వుపుట్టించునట్లున్నను బూర్వరంగమెఱిఁగిన మాట. ఈ విషయమున మండలమే మేలు, సాక్షులు పదిమంది. మొదటిది మాత్రము కర్మశాల మూలమునే త్రవ్వుచున్నది. సగము చేసినదానిని జదివించి సవరించుటయే కర్మశాల పని. ఎవరు సరి? వడ్రంగిపని, సాలెపని యిట్టి చేతిపనులలో సగము చేసినదానిని గురువునకుఁ జూపకయే పని నేర్చినవాఁడు లేఁడు. కాని గురువొక్కఁడు, మండలము పదిమంది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరులోఁ జదువు చెప్పిన కాలమున విశ్వనాథ సత్యనారాయణాదులు శిష్యులైరి; వారు సభలకెక్కి పద్యములు చదివినను సవరణకు నిలిచినది గురునిచెంత. భావకులను రాజశేఖరుఁడు నాలుగు విధములుగాఁ జెప్పెను: ఏదియు రుచింపని యరోచకి, గడ్డితోఁ గూడ నన్నియు మ్రింగు సతృణాభ్యవహారి, ఓర్వలేని మత్సరి, తత్త్వాభినివేశి. నాల్గవవాఁడు వేయింట నొక్కఁడనెను. పదునాఱేండ్లవారు పన్నిద్దఱు చేరిన మండలమున మొదటి మూఁడు తెగలవారును సమృద్ధిగా దొరకుదురు. ఆ నాల్గవవాని కొఱకై జీతమిచ్చి యుపాధ్యాయుని బెట్టినారు గదా; ఆతఁడే మాటాడి, తక్కినవారు తమకు నచ్చిన యొక్క పంక్తిని మాత్రము చదివి చూపుట వేసవికిఁ జాలును.

తెలుఁగు శిబిరములలో మండలచర్చ యంతగా లేదు. ఇచ్చటి రోగము వేఱు. విషయముల పట్టిక ముందే సిద్ధము: చెట్లు, పరిశుభ్రత, మాతృభాష, తల్లిప్రేమ. పెద్దలు చెప్పిన నీతిని బిల్లలు పెద్దలకే మరల నొప్పగింతురు, బహుమానము వచ్చును, చివరిదినమున సంకలనము వెలువడును. కోక్ గ్రంథనామమందలి 'బొంకు' అను మాటకు ఇచ్చటఁ జోటు లేదు. చిన్నయసూరి నీతిచంద్రికలో మాత్రము నక్కలు చేయు మోసమెంత, బొంకులెన్ని! నీతిగ్రంథమే బొంకులేక నడువనప్పుడు, పదేండ్ల పిల్లవాని కథ నడచునా? తెలుఁగుబాలురకు మంచియభ్యాసము లసలే లేకుండలేదు. న్యాయపతి రాఘవరావు దంపతుల 'బాల' పత్రిక 1945లో, 'చందమామ' 1947లో వెలువడినవి. చందమామ చిరకాలము నడపిన ఫోటో వ్యాఖ్యల పోటీ, రెండు చిత్రములకు రెండు చిన్నవాక్యములు జోడు కుదుర్చుమనుట, రొదారి ద్వంద్వమునకు సోదరమే. అందు నీతి చెప్పుమని యెవరు నడుగలేదు. ఆ పత్రిక యాగిపోయిన పిమ్మట నా పనిని శిబిరములు చేపట్టవచ్చును.

అన్నిటికంటె జటిలమైనది వేఱొకటి. నేఁడు శిబిరమునకు వచ్చు పిల్లలలో ననేకులకుఁ దెలుఁగు చెవికి వచ్చును, చేతికి రాదు. పాఠశాలలో నాంగ్లమున వ్రాయుదురు; ఇంట నవ్వతోఁ దెలుఁగున మాటాడుదురు. అట్టివాని ముందుఁ గాగితము పెట్టి 'వ్రాయు' మన్నచో వాఁడు వ్రాయునది తనకుఁ దోఁచినది కాదు, తనకు వ్రాయ వచ్చినది. రెంటికి నడుమ నున్న దూరమును వాఁడు తన మందబుద్ధి యనుకొనును. సంచాలకుఁడును నట్లే యనుకొనును. ఈ పిల్లలకుఁ గోక్ కాగితము కాని, ఐయోవా మండలము కాని పనికిరావు. అవధానవిద్యయంతయు నోటిది. చప్పట్ల యాటవెలఁదికి లిపి యక్కఱలేదు, దత్తపదికి నక్కఱలేదు, కుక్కకు బీరువాకు విభక్తి కుదుర్చుటకు నక్కఱలేదు. పది దినముల శిబిరములో మొదటి నాలుగు దినములు కలము ముట్టనీయక, పిల్లలు చెప్పినదానిని సంచాలకుఁడే నల్లబల్లమీఁదఁ దెలుఁగక్షరములతో వ్రాయుచుఁ బోయినచో, అయిదవనాఁడు తన పంక్తి యేదో గుర్తుపట్టుటకైనఁ బిల్లవాఁ డక్షరములఁ గూడఁబలుకును. వ్రాఁత యటుపిమ్మటిది. సంకలనమునకుఁ బేరిచ్చుట పిల్లవాని యిష్టమునకు విడువవలయును. ఇయ్యనివాని పుస్తకమును దెఱవకుండ వానితోనే యింటికిఁ బంపవలయును.